ఐదవ సంతోష రహస్యం

నేను దైవశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. పాసై, బ్యాంకులో గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసి ఆఫీసరునైనవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలతోనే కాపురం. ఇలాంటివాడు జపమాల గురించి రాయబూనడం కొంత సాహసమే. అయితే జపమాల కూడా నాకు మొదట లెక్కగానే పరిచయమైంది గనుక, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మా కాపురం చెన్నై పెరంబూరులో. సొంత ఊరు తిరువళ్ళూరు జిల్లాలో ఒక పల్లె. మా పెద్దలు గుంటూరు సీమ నుంచి వలస వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. మాకు గుడిలో పూజ తమిళం, బడిలో చదువు ఇంగ్లీషు, ఇంట్లో మాట సగం తెలుగూ సగం తమిళమూ. కలగలుపు లేని తెలుగు మా నోట పలికేది రోజుకొక్కసారే, రాత్రి భోజనానికి ముందు జపమాల చెప్పుకునే వేళ. ఆ అరగంటలో మా అమ్మ ఒక్క తమిళ మాట రానిచ్చేది కాదు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఆవిడ జపాల పుస్తకం పుణ్యమే.

కతోలికులు కాని చదువరుల కోసం రెండు మాటలు. జపమాలలో 59 పూసలుంటాయి. 53 మంగళవార్త జపానికి, 6 పరలోక జపానికి. పదేసి పూసలు ఒక భాగం. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క దేవరహస్యం, అంటే ఏసుప్రభువు జీవితంలోనో ఆయన తల్లి జీవితంలోనో జరిగిన ఒక ఘట్టం. నోరు జపం చెబుతుంటే మనసు ఆ ఘట్టం దగ్గర కూర్చోవాలి. పూర్వం ఈ రహస్యాలు 15. సంతోషం 5, దుఃఖం 5, మహిమ 5. పది చొప్పున మొత్తం 150 మంగళవార్త జపాలు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలకు ఇది సామాన్యుల బదులు అని పెద్దలు చెబుతారు. ఐదవ భక్తినాథ పోపుగారు, అంటే ఐదవ పయస్, 1569లో ఈ పద్ధతిని స్థిరపరిచారు. 2002 అక్టోబరులో రెండవ జాన్ పాల్ పోపుగారు మరో ఐదు వెలుగు రహస్యాలు చేర్చారు. ఇప్పుడు మొత్తం 20. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు. బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు. గురువారం వెలుగు రహస్యాలు.

చిన్నప్పుడు నా ధ్యాసంతా ఇంకా ఎన్ని పూసలున్నాయన్న దాని మీదే. పెద్దయ్యాకా పెద్ద మార్పు లేదు. క్యాషు కౌంటర్లో కూర్చున్నవాడికి తెలుసు, వేళ్ళు నోట్లు లెక్కపెడుతూనే ఉంటాయి, మనసు టీ మీద ఉంటుంది. అయినా లెక్క తప్పదు. నా జపమాలా అలాగే సాగేది. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరం వంటిదని ఆరవ పాల్ పోపుగారు 1974లోనే హెచ్చరించారట. ఆ మాట నేను చదివింది చాలా ఆలస్యంగా.

అసలు ‘రహస్యం’ అన్న మాట దగ్గరే నాకు చిక్కు. మా వృత్తిలో రహస్యమంటే ఇనప్పెట్టె. దానికి రెండు తాళంచెవులు. ఒకటి ఒక ఆఫీసరు దగ్గర, ఇంకొకటి మరొకరి దగ్గర. ఇద్దరూ కలిస్తే పెట్టె తెరుచుకుంటుంది, లోపలున్నది లెక్క తేలుతుంది, అక్కడితో రహస్యం అయిపోతుంది. దేవరహస్యం అలాంటిది కాదు. అది అందరి ముందూ తెరిచే ఉంటుంది. రోజూ చూసినా చూడటం పూర్తికాదు. ఈ తేడా పుస్తకం వల్ల నాకు అర్థం కాలేదు. ఎలా అర్థమయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సంతోష రహస్యాల్లో ఐదవది బాలయేసు దేవాలయంలో దొరకడం. లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉంది. పన్నెండేళ్ళ పిల్లవాడు. పాస్క పండుగకు తల్లిదండ్రులతో యెరూషలేము వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో పిల్లవాడు లేడు. బంధువుల గుంపులో ఉంటాడులే అనుకుని మరియమ్మా జోజప్పా ఒక రోజంతా నడిచారు. తర్వాత బంధువుల్లో వెతికారు, లేడు. వెనక్కి యెరూషలేము వెళ్ళారు. మూడవ నాడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని కనిపించాడు. తల్లి అడిగింది, కొడుకు జవాబు చెప్పాడు. ఆ జవాబు వాళ్ళకు అర్థం కాలేదని సువార్తికుడే రాశాడు.

ఈ ఘట్టం నాకు మొదటినుంచీ నచ్చేది కాదు. ఒక రోజంతా పిల్లవాడు ఉన్నాడో లేడో చూసుకోలేదా? బ్యాంకులో ఇలా చేస్తే మెమో ఇస్తారు. పైగా బిడ్డ తప్పిపోవడం సంతోష రహస్యమెలా అవుతుంది? ఒకసారి అమ్మనడిగాను. “దొరికాడు గదరా” అంది. ఆ జవాబు నాకు చాలలేదు.

2012 మార్చి 31 శనివారం. బ్యాంకులో సంవత్సరాంతపు లెక్కలు. మా అబ్బాయి అప్పుడే ప్లస్ టూ పరీక్షలు ముగించాడు. ముందురోజు రాత్రి వాడి ముందు బి.కాం. కాలేజీల వివరాలు పరిచాను. తనకు ఇష్టం లేదన్నాడు. “నీ ఇష్టం ఎవరడిగారు?” అన్నాను. ఇంకా కొన్ని మాటలన్నాను, అవి ఇక్కడ రాయను. వాడు బదులు చెప్పలేదు. తెల్లవారి నేను లేచి బ్రాంచికి పోయాను. ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ రోజు పైసా తేడా లేకుండా లెక్క కుదిరింది. ఆ తృప్తితో పడుకున్నాను.

మర్నాడు మ్రానికొమ్మల ఆదివారం. అబ్బాయి కనిపించకపోతే, అంబత్తూరులో మా బావమరిది ఇంటికి పోయి ఉంటాడనుకున్నాం. వాడు పోతానని అంతకుముందు అన్నాడు కూడా. సాయంత్రం ఫోను చేస్తే అక్కడికి రానేలేదన్నారు. ఒక పగలంతా, ఒక రాత్రంతా, మళ్ళీ ఒక పగలంతా!

ఆ రాత్రి పోలీసు స్టేషనులో కాగితం రాసుకునే ఆయన మర్యాదగానే అడిగాడు: “ఇంట్లోంచి పోయేటప్పుడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు సార్?” నాకు తెలియదు. “ఎత్తు ఎంతుంటాడు?” నా భుజం దగ్గర చెయ్యి పెట్టాను, తర్వాత చెవి దగ్గరకు జరిపాను. పాతికేళ్ళనాటి ఖాతా నంబర్లు నోటికి చెప్పగలవాణ్ణి. ఆ జవాబులు చెప్పలేక తల వంచుకున్నాను.

సెంట్రల్ స్టేషను, కోయంబేడు బస్టాండు, వాడి స్నేహితుల ఇళ్ళు. సోమవారం రాత్రి అయింది. పరిశుద్ధ వారం గనుక కొన్ని ఇళ్ళలో రోజూ దుఃఖ రహస్యాలే చెబుతారు. మా అమ్మ ఒప్పుకోలేదు. “సోమవారం సోమవారమే” అని సంతోష రహస్యాలు మొదలుపెట్టింది. నాకు నోరు పెగల్లేదు. నాలుగు అయ్యాయి. ఐదవ రహస్యం పేరు చెప్పి అమ్మ ఆగిపోయింది. పూస వేళ్ళ మధ్య అలాగే ఉంది. కాసేపటికి, “ఒరే అబ్బాయీ, వాళ్ళు చుట్టాల్లో వెతికారు, దొరకలేదు. బయల్దేరిన చోటికే తిరిగి పోయారు. మనం బయల్దేరిన ఊరొకటుంది గదా! మనం అడగని ఇల్లొకటుంది” అంది.

ఆ ఇల్లు పల్లెలో మా మేనత్తది. బావి వాటా గురించి తగాదా పడి ఆరేళ్ళుగా మాటల్లేవు. ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నది నేనే. మంగళవారం తెల్లవారుజామున తిరువళ్ళూరు దాకా రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సులో పోయాను. దారంతా జేబులో జపమాల పట్టుకునే ఉన్నాను. ఒక్క పూస కూడా లెక్కపెట్టలేదు. ఆ తల్లీతండ్రీ వెనక్కి నడిచిన దారి ఎలా ఉండి ఉంటుందన్నదే ఆలోచన. నా బతుకులో మొదటిసారి ధ్యానం చేసింది ఆ బస్సులోనేమో.

అబ్బాయి పెరట్లో మల్లెచెట్లకు పాదులు తీస్తున్నాడు. అత్త నన్ను చూసి గుమ్మంలోనే ఏడ్చింది. “పిల్లవాణ్ణి ముందు పంపించావు, నువ్వెప్పుడు వస్తావా అని చూస్తున్నారా” అంది. తగాదా తీర్చుకోవడానికి నేనే వాణ్ణి పంపాననుకుంది ఆవిడ! కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మూడు రోజులూ రాత్రిళ్ళు వాడు ఆవిడతో కూర్చుని తెలుగులో జపమాల చెప్పాడట.

తిరుగు బస్సులో వాడు ఒక్కటే అడిగాడు. “నేను లేనని మీకెప్పుడు తెలిసింది నాన్నా?”

“ఆదివారం సాయంత్రం” అన్నాను. అబద్ధం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. వాడు కిటికీ వైపు తిరిగాడు.

మరియమ్మను, జోజప్పను తప్పుపట్టడం ఆనాటితో మానేశాను. వాళ్ళు ఒక రోజు ప్రయాణం తర్వాతే చూసుకున్నారు. నాకు వాడు పుట్టిన పదిహేడేళ్ళకు గాని తెలియలేదు. బిడ్డ మన వెంటే ఉన్నాడనుకుని నడుస్తూ పోవడం ఎంత సులువో, ఆ రహస్యంలో ముందే రాసి ఉంది. వేల సార్లు నోటితో చెప్పాను, చూడలేదు.

బావి వాటా అత్తకే వదిలేశాను. అబ్బాయి తోటల పెంపకం చదువుకున్నాడు. ఇప్పుడు హోసూరు దగ్గర ఒక గులాబీ తోటలో పని చేస్తున్నాడు. ‘రోజరీ’ అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి గులాబీ తోట అనే అర్థమని తెలిసినప్పుడు మా అమ్మ చాలా నవ్వింది. ఆవిడ 2017లో పోయింది. ఆవిడ జపమాల ఇప్పుడు నా దగ్గరుంది.

బ్యాంకు ఉద్యోగం కాదని మట్టి పని ఎందుకు కోరుకున్నాడో, నిజం చెప్పాలంటే, ఈనాటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. కొడుకు మాట అర్థం కాకపోయినా ఆ తల్లి వాటినన్నిటినీ మనసులో దాచుకుందని లూకా రాశాడు. అర్థమయ్యాకే ప్రేమించాలనే షరతు ఆవిడ పెట్టలేదు. ఆ రహస్యాన్ని సంతోషాల పద్దులో ఎందుకు రాశారో నాకు తోచిన కారణం ఇది.

సోమవారం రాత్రి హోసూరు నుంచి ఫోను వస్తుంది. నాలుగు రహస్యాలు నేను చెబుతాను, ఐదవది వాడు చెబుతాడు, తెలుగులోనే. ఆ పది పూసలూ నేను తొందరపడను. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను. ఈ ఒక్క లెక్క మాత్రం ఇంకా తేలలేదు. అమ్మ ఉంటే, “తేలకపోతే ఏం రా, వచ్చే సోమవారం మళ్ళీ చెప్పు” అనేది.