చమక్ వేరు, ధార్ వేరు

బక్రీద్ దగ్గరికొచ్చిందంటే మా ఖాందాన్‌లో ఏటా ఒకటే బహెస్. ఛురీని అద్దంలెక్క మెరిపిస్తే ధార్ పెరుగుతదా, పెరగదా? కామారెడ్డిలో ఉండే మా చాచా "ఎందుకు పెరగదు?" అంటడు. ఎల్లారెడ్డిలో ఉండే మా మామూ "చమక్‌తోని ఏంగాదు" అంటడు. ఇద్దరూ ఇనుమును నమ్ముకుని బతికినోళ్లే. చాచాది హజామ్ పని, చేతిలో ఉస్తరా. మామూ ఖసాయి, చేతిలో ఛురీ. ఇద్దరి మాటలు ఏండ్ల సంది వింటున్న. నాకు సమజైందేందంటే ఇద్దరూ సచ్ మాటే చెప్తున్నరు. కాకపోతే ఇద్దరి ముందున్న పని ఒక్కటి కాదు.

ఛురీని జర దగ్గర్నుంచి చూడుండ్రి. వెన్ను మందంగా ఉంటది. కిందికొచ్చేకొద్దీ రెండు పక్కలా ఏటవాలుగ అరగదీస్తరు. ఆ రెండు వాలులు కలిసే గీతనే ధార్. గీత సన్నగుంటే తెగుతది. అరిగి గుండ్రమైతే తెగదు. వాలు మొత్తం తళతళ మెరిసినా, ఆ మెరుగు గీత దాకా పోకపోతే ధార్‌కు ఒరిగేదేం లేదు. తుప్పు జల్ది పట్టదు, కొవ్వూ నెత్తురూ కడగంగనే పోతయి. ఆ ఫాయిదా వేరే.

మెరుగు గీత దాకా పోతే మాత్రం హిసాబ్ మారుతది. గరుకు రాయి మీద నూరినప్పుడు వాలు మీద సన్నటి గీరలు పడతయి. అవి అంచు దాకా వచ్చి ఆగిన తావుల కంటికి కనబడని పండ్లు లేస్తయి. రాయి ఎంత నున్నగుంటే పండ్లు అంత చిన్నగైతయి. నున్నటి రాయి తర్వాత తోలు పట్టీ మీద తిప్పితే అంచు ఇంకా సాఫైతది. చాచాకు కావాల్సింది అదే. ఉస్తరాను గడ్డం మీద ఛురీ లెక్క అటూ ఇటూ గుంజరు, ముందుకు తోస్తరు. పండ్లున్న అంచు పెడితే వెంట్రుకతోపాటు తోలు గూడ గీరుకపోతది. అందుకే పాతకాలం హజాములు ప్రతి గడ్డానికి ముందు ఉస్తరాను చమ్డా పట్టీ మీద తిప్పెటోళ్లు, వెన్ను ముందు, ధార్ వెనక. ఇప్పుడు చాచా దుకాణంలో సగం బ్లేడు పెట్టే ఉస్తరానే నడుస్తున్నది. పట్టీ మాత్రం మొలకు వేలాడుతనే ఉంది.

మామూ ముందున్నది వేరే. బొచ్చు, దాని కింద మెత్తగ జారే తోలు, దాని కింద నరాలు. ఛురీని అక్కడ తోయరు, గుంజుతరు. మరీ నున్నటి అంచు తోలు మీద జారే ఖత్రా ఉంది. చిన్న చిన్న పండ్లుంటే పట్టుకుంటది. బాగా పండిన టమాటా మీద చూస్తే మీకే తెలుస్తది. నున్నగ మెరిసే కత్తి కొంచెం మొద్దుబారిందంటే తొక్క మీద జారి టమాటాను పిసుకుతది. జర గరుకు అంచున్న కత్తి ఇట్ల ఆనించి అట్ల గుంజంగనే దిగుతది.

మన తెలుగులో దీనికి మంచి మాట ఉంది, కక్కు. వరి కోసే కొడవలికి కక్కు పెట్టిస్తరు. రోలు నున్నగైతే పప్పు నలగదని దానికీ కక్కు కొట్టిస్తరు. ఊరూరూ తిరిగి రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొట్టేటోళ్లు గూడ మన ముసల్మానులే. నున్నటి రోలు చూడ సక్కగనే ఉంటది. పని చేసేది మాత్రం గరుకు.

పోయిన బక్రీద్‌కు మా ఖాలా కొడుకు మామూను ఖుష్ చేద్దామని ఆయన పాత ఛురీని కామారెడ్డి తీస్కపోయి మిషన్ మీద పాలిష్ పట్టించిండు. బట్ట చక్రం తిప్పి మెరుగు పెట్టే మిషన్. లింగంపేట మీదుగ బస్సులో ఎల్లారెడ్డి తెచ్చి మామూ చేతిలో పెట్టిండు. మొఖం కనబడుతున్నది అండ్ల. మామూ ముందుగాల వెల్తురుకు పట్టి చూసిండు. తర్వాత ధార్‌ను బొటనవేలి గోరు మీద ఏటవాలుగ ఆనించిండు. పదునుంటే గోరును పట్టుకుని ఆగాలె. జారిపోయింది. మెత్తటి చక్రం అంచు మీదుగ ఒరిగి గీతను గుండ్రం చేసేసింది. మొన దగ్గర రంగు గూడ నీలానికి తిరిగింది. అంత వేడి తగిలితే ఉక్కు గట్టితనం పోయినట్టే, ఎంత నూరినా అక్కడ ధార్ నిలవదు.

మామూ కోపం చేయలె. "చమక్ అప్నే ఆంఖా కే వాస్తే బేటా, ధార్ జాన్వర్ కే వాస్తే" అన్నడు. మెరుగు మన కండ్ల కోసం, పదును ఆ జీవి కోసం.

ఆ మాట ఆయన సొంతంగ పుట్టించింది కాదు. సహీ ముస్లింలో షద్దాద్ బిన్ ఔస్ చెప్పిన హదీస్ ఉంది. అల్లాహ్ ప్రతి పనిలో ఎహ్‌సాన్‌ను ఫర్జ్ చేసిండని, జబహ్ చేసేటోడు ఛురీకి ధార్ పెట్టుకోవాలని, జాన్వర్‌కు తక్లీఫ్ తగ్గించాలని దాని సారాంశం. జాన్వర్ కండ్ల ముందు నూరొద్దని గూడ రివాయత్ ఉంది. అందుకే మామూ రాయి, నీళ్ల డబ్బా పట్టుకుని ఇంటెనకకు పోయిండు. గరుకు రాయి మీద ఆ నీలం తావంతా అరగదీసి మళ్లా వాలు తెచ్చిండు. తర్వాత నున్నటి రాయి. నూరినప్పుడు అంచున సన్నటి ఇనుప పొర అవతలికి మడత పడుతది. అది ఉంటే ఛురీ మొదటి కోతకు తెగినట్టే తెగి తర్వాత మొద్దైతది. దాన్ని తీసేటందుకు పాత తోలు బెల్టు మీద పది సార్లు తిప్పిండు, అంతే ఆపిండు. మెరుగు పెట్టుడు ఆయన గూడ చేస్తడన్నట్టే, కానీ ఒక్క గీత మందమే.

గరుకు అంటే ఎంత గరుకైనా ఫర్వా లేదని గాదు. యహూదీలల్ల జబహ్ చేసేటాయనను షోహెత్ అంటరు. ఆయన గూడ ఛురీ అంచును గోరు మీద ఆనించే చూస్తడు, కోతకు ముందూ, కోత తర్వాతా. గోరుకు ఒక్క గంటు తగిలినా ఆ ఛురీ పనికిరాదు. మామూ గూడ గంటును ఒప్పుకోడు. గంటు తోలును చింపుతది, నొప్పి పెడుతది. నున్నటి రాయి వదిలిన సన్న పండ్లు అట్ల కాదు, అంతటా ఒకే తీరుగుంటయి. షోహెత్ నునుపు అంటడు, మామూ జర పట్టు అంటడు. ఇద్దరూ చూసేది గీతనే, వాలు మీది మెరుపును కాదు.

మరి మెరుపూ పదునూ ఒకటే అన్న ఖయాల్ మనకెట్లొచ్చింది? సగం కసూర్ జుబాన్‌దేనేమో. ఉర్దూల 'ఆబ్' అంటే నీళ్లు, మెరుపు, కత్తి పదును, మూడూ. పాత తల్వార్లకు ఆ మాట సరిగ్గనే సరిపోయింది. మనకు దగ్గర్లనే ఉన్న కోనసముద్రం ఉక్కు ఒకప్పుడు ఇరాన్ దాకా పోయింది. హెన్రీ వాయిసీ అనే సర్వే డాక్టర్ దాని గురించి రాసింది 1832ల అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి ఒక హాజీ స్వయంగ వచ్చి తూకం, పరీక్ష చూసుకుని ఉక్కు కొనేటోడట. ఆ ఉక్కుతోని చేసిన కత్తిని మెరుగుపెట్టి తేజాబ్ లాంటిది పూస్తే నీళ్ల అలల్లాంటి గీతలు తేలుతయి. వాటినే జౌహర్ అన్నరు. అక్కడ గూడ మెరుగు జౌహర్‌ను పుట్టియ్యలె, లోపలున్నదాన్ని చూపెట్టింది. లోపల లేకపోతే ఎంత రుద్దినా తేలేది మన మొఖమే.

2007ల ఉమ్మడి రాష్ట్రం ముసల్మానులకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు చేసిన బీసీ-ఈ జాబితాల ఖురేషీ ఖసాబులు, హజాములు, రోళ్లకు కక్కు కొట్టేటోళ్లు ఒకే కాగితం మీద ఉన్నరు. ఇనుముకూ రాయికీ ఎంత నునుపు కావాల్నో, ఎంత గరుకు కావాల్నో తెలిసిన మూడు కౌమ్‌లు. వాళ్లకు తెలిసినదాన్ని ఎవ్వరూ ఇల్మ్ అనరు. రిష్తాల మాట వచ్చినప్పుడు 'ఖసాయోళ్లా?' అని గొంతు తగ్గించి అడిగేటోళ్లు మనలనే ఉన్నరు. బక్రీద్ మూడు రోజులు మామూ ఫోన్ ఆగదు, "భాయ్‌సాబ్, ముందుగాల మా ఇంటికి రాండ్రి" అని. నాలుగో రోజు నుంచి మళ్లా ఉత్త ఖసాయి.

ఈ ఏడు ఖాలా కొడుకు పండుగకు వారం ముందే ఎల్లారెడ్డి వచ్చిండు. మామూ రాయి అతని ముందల పెట్టి, వాలు ఎంత ఒంచాల్నో చెయ్యి పట్టి చూపిస్తున్నడు. పిలగాని బొటనవేలి గోరు మీద అప్పుడే నాలుగు తెల్లటి గీతలు.