గడ్డి మిషన్‌కి నూనె పాళ్ళు

పప్పులో ఉప్పెంత, ఆవకాయలో నూనెంత అని అడిగితే చెప్పలేని ఇల్లాలు వుండదు. అదే "గడ్డి కోసే మిషన్‌లో నూనెంత పోయాలి?" అని అడిగారనుకోండి, "ఆ గొడవ మగాళ్ళది" అని తప్పించుకుంటాం. కొన్నేళ్ళ క్రితం దాకా నేనూ అంతే. నా చెవి బుట్టలూ గాజులూ తాకట్టుకి వెళ్ళాక గానీ ఆ గొడవ నాది కూడా అని తెలిసిరాలేదు.

మాది ఇచ్ఛాపురం. నాలుగడుగులు వేస్తే ఒడిశా. మావారికి కవిటి వైపు ఎకరంన్నర కొబ్బరి తోట వుండేది. 2018 అక్టోబరు 11న తెల్లారేలోగా తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్న లేచి చూస్తే ఉద్దానంలో కొబ్బరీ, జీడీ, పనసా ఒకదాని మీద ఒకటి పడి వున్నాయి. మా తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొబ్బరి మొక్క మళ్ళీ వేస్తే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. అందాకా తినేదేమిటి?

మావారు ఆలోచించి గడ్డి మిషన్ కొంటానన్నారు. భుజానికి తగిలించుకుని, కింద తిరిగే బ్లేడుతో తుప్పలు కోస్తారే, అది. జీడి తోటలో మార్చి నుంచి మే దాకా పిక్కలు రాలతాయి. అవి కనబడాలంటే ముందే చెట్ల కింద శుభ్రం చెయ్యాలి. కూలీలు దొరకడం కష్టమైపోయింది కాబట్టి మిషన్ వున్నవాడికి జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఊపిరాడదు. ఆలోచన మంచిదే. డబ్బే లేదు. నా గాజులూ బుట్టలూ తీసి ఇచ్చాను. ఏడవలేదు గానీ, ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే చేతులు బోసిగా అనిపించాయి.

మొదటి ఏడు బాగానే సాగింది. మిషన్‌తో వచ్చిన నూనె సీసా అయ్యేదాకా ఏ ఇబ్బందీ లేదు. రెండో ఏడు, 2020 జనవరిలో, సీసా అయిపోయింది. ఇంట్లో మోటారు సైకిల్‌కి వాడగా మిగిలిన ఇంజన్ ఆయిల్ వుంది. "నూనె నూనే కదా" అని మావారు అదే పెట్రోల్లో కలిపేశారు, అదీ కంటి అందాజాకే. ఇక చూడండి, మిషన్ స్టార్ట్ చేస్తే తోటంతా పొగ. రెండు రోజులకి ప్లగ్ నల్లగా బొగ్గు పట్టి ఆగిపోయింది. నూనె ఎక్కువైందనుకుని ఆయన మరుసటి రోజు సగానికి సగం తగ్గించారు. మధ్యాహ్నానికి మిషన్ కీచుమని ఆగింది. తాడు లాగితే కదల్లేదు.

మెకానిక్ దగ్గరికి నేనూ వెళ్ళాను. కోపంతోనే వెళ్ళాను. అతను ఇంజన్ విప్పి పిస్టన్ నా ముందు పెట్టాడు. గోళ్ళతో రక్కినట్టు నిలువునా గీతలు.

"ఏటి వదినా, నూని సరిగ్గా ఎయ్యలేదా? పిస్టన్ పట్టీసినాది. తప్పు మిషన్‌ది కాదు" అన్నాడు.

అప్పుడతను చెప్పిన మాటలు నాకు వంటింటి భాషలో అర్థమయ్యాయి. మోటారు సైకిల్ ఇంజన్‌కి నూనె వేరే గదిలో వుంటుంది, అక్కడే తిరుగుతూ వుంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆ గది లేదు. పెట్రోల్లో కలిసి వెళ్ళిన నూనే పిస్టన్‌ని, బేరింగుల్ని తడిపి, చివరికి పెట్రోలుతో పాటు కాలిపోతుంది. నూనె చాలకపోతే ఎండు పెనం మీద దోసె పోసినట్టే, అంటుకుపోతుంది. ఎక్కువైతే పొగ, మసి. పైగా మోటారు సైకిల్ నూనె కాలిపోవడానికి చేసింది కాదు. అందులో కలిపే మందులు కాలితే బూడిద మిగిలి ప్లగ్‌ని పట్టేస్తుంది. కాలిపోవడానికే చేసిన నూనె వేరు. దాన్నే టూటీ ఆయిల్ అంటారు.

ఆ మాట వినగానే మా నాన్నగారు గుర్తొచ్చారు. నా చిన్నప్పుడు ఆయనకి మోపెడ్ వుండేది. బంకులో కుర్రాడు ముందు చిన్న గ్లాసుతో నూనె కొలిచి పోసేవాడు, తర్వాత పెట్రోలు. నాన్నగారు బండిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపేవారు. నన్ను నవ్వించడానికి ఊపుతున్నారనుకునేదాన్ని. నూనె కలవడానికని నలభై ఏళ్ళు వచ్చాక తెలిసింది! ఆ మోపెడ్లూ ఇప్పుడు మారిపోయాయి. టీవీఎస్ వాళ్ళు 2015లో తెచ్చిన ఎక్స్‌ఎల్ 100 ఫోర్ స్ట్రోక్ బండి, దానికి పెట్రోల్లో నూనె కలపకూడదు.

పిస్టన్, సిలిండర్, కూలీ అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు అయింది. అంతకంటే బాధ, మంచి సీజన్లో పది రోజులు పని పోయింది. ఇంటికొచ్చాక నోటికొచ్చినట్టు అనేశాను. "నా గాజులు పెట్టి కొన్నది, మీరు అందాజాకి పోసేదేమిటండీ!" అన్నాను. ఆయన మాట్లాడలేదు. మూడు రోజులు మాట్లాడలేదు. తుఫానుకి తోట పోయిన మనిషిని ఇంకో దెబ్బ కొట్టానని నాకు తర్వాత అనిపించింది.

నాలుగో రోజు బీరువాలో చీరల కింద వున్న మిషన్ పుస్తకం తీశాను. ఇంగ్లీషులో వుంది. నా ఇంటర్మీడియట్ చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. "50:1" అని వుంది. అంటే యాభై పాళ్ళు పెట్రోలుకి ఒక పాలు నూనె. లీటరు అంటే వెయ్యి మిల్లీలీటర్లు కదా, యాభైతో భాగిస్తే ఇరవై. లీటరుకి ఇరవై మిల్లీలీటర్లన్నమాట. కొన్ని మిషన్లకి 25:1 అని వుంటుందట, వాటికి నలభై. మన మిషన్ పుస్తకం ఏం చెబితే అదే, పక్కింటివారి లెక్క మనకి పనికిరాదు.

మందుల షాపులో సూది లేని పది మిల్లీలీటర్ల సిరంజి కొన్నాను. లీటరుకి రెండు సిరంజిలు, అంతే. ఆ రోజు నుంచి కలిపే పని నాది. మావారు మొదట చిన్నబుచ్చుకున్నారు. పొగ లేకుండా మిషన్ రోజంతా ఆడేసరికి, సాయంత్రం వచ్చి "రేపటికి రెండు లీటర్లు కలుపు" అన్నారు. అదే ఆయన రాజీ మాట.

నూనె కొనడం కూడా నేర్చుకున్నాను. సీసా మీద టూ స్ట్రోక్ అని వుంటే చాలదు, జాసో అనే జపాన్ వాళ్ళ గుర్తు చూడాలి. ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని అక్షరాలుంటాయి. ఎఫ్‌సీ అంటే పొగ తక్కువ. ఎఫ్‌డీ ఇంకా మేలు, ఇంజన్‌లో మసి పేరుకోనివ్వదు. విడిగా పోసి అమ్మే నూనె ఏదో ఎలా తెలుస్తుంది? ఢిల్లీలో పొగ తగ్గించడానికి 1998లోనే విడి నూనె అమ్మకం ఆపించారట. తీరం వూళ్ళో వున్న మా చుట్టం ఒకాయన పడవ మోటారు నూనె ఇస్తానన్నాడు. దాని మీద టీసీ-డబ్ల్యూ3 అని వుంది. అది నీళ్ళతో చల్లబడే పడవ మోటార్లకి. మన మిషన్ గాలితో చల్లబడేది, ఎక్కువ వేడెక్కుతుంది. దండం పెట్టి వద్దన్నాను.

ఇంత తెలిసినదాన్ని, నేనూ తప్పు చేశాను. అదీ చెప్పాలి.

ఒడిశా వైపు పెట్రోలు లీటరుకి మన కంటే కొన్ని రూపాయలు తక్కువ. మా వూళ్ళో చాలామంది అటే వెళ్తారు. 2024 వానాకాలం ముందు నేనూ ఆశపడి ఒకేసారి పది లీటర్లు తెప్పించి, మొత్తానికి నూనె కలిపి క్యాను పెరట్లో చూరు కింద పెట్టించాను. వానలకి పనులు ఆగాయి. రెండు నెలల తర్వాత పోస్తే మిషన్ రెండు నిమిషాలు దగ్గి ఆగిపోయింది. కొలతలో తప్పు లేదే అనుకున్నాను.

మావారు క్యాను అడుగున వున్నది ఒక గాజు సీసాలోకి వంచారు. కాసేపటికి పైన రంగు నూనె పెట్రోలు, కింద తేటగా ఇంకేదో, రెండు పొరలుగా విడిపోయాయి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, ఇరవై శాతం కలిపినది 2023 నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్‌కి నీళ్ళంటే ప్రాణం. చెమ్మ తగిలితే పీల్చుకుంటుంది, నీళ్ళు ఎక్కువైతే వాటితో కలిసి పెట్రోలుని వదిలి అడుక్కి దిగిపోతుంది. నూనె పైన పెట్రోల్లోనే వుండిపోతుంది. మిషన్ అడుగున వున్నది తాగితే నూనె లేని తాగుడే! నేను మూత సరిగ్గా బిగించలేదు, చూరు నీళ్ళు లోపలికి పోయాయి.

నేను అన్నట్టే ఆయనా అనొచ్చు. అనలేదు. "కొలత నీది, నిల్వ నాది. సరేనా?" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఇది. వారానికి సరిపడా మాత్రమే కలుపుతాం, నెల దాటినది వాడం. ముందు సగం పెట్రోలు, తర్వాత నూనె, ఊపి, మిగతా పెట్రోలు పోసి మళ్ళీ ఊపుతాం. మిషన్‌లో పోసే ముందు మరోసారి ఊపుతాం. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, లోపల మిగిలింది కూడా కాలిపోయేదాకా మిషన్ ఆడించి పెడతాం. మూత తీసేది ఆరుబయటే, ఇంజన్ చల్లారాకే, పొయ్యికి దూరంగానే.

ఒక్క మాట మరీ మరీ చెబుతున్నాను. ఈ కలిపిన పెట్రోలుకి రంగు వుంటుంది. కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడితే పిల్లలు తాగేస్తారు. క్యాను మీద పెద్ద అక్షరాలతో రాసి, తాళం వేసే చోట పెట్టండి. పొరపాటున ఎవరైనా మింగితే కక్కించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మొన్న జీడి సీజన్ అయ్యాక నా చెవి బుట్టలు విడిపించుకున్నాం. గాజులు ఇంకా రాలేదు. తుఫాను తర్వాత వేసిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే పూత కట్టాయి. చేతులు బోసిగా వున్నాయని నాకిప్పుడు అనిపించడం లేదు. సాయంత్రం సిరంజి పట్టుకుని కూర్చుంటే, పక్కనే క్యాను పట్టుకుని ఆయన కూర్చుంటారు.