సంచి కింద శీలావతులు

కైకలూరు దాటి కొల్లేరు వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. మేము వెళ్లేసరికి గట్టు మీద మేత కలుపుతున్నారు. నూనె తీసిన తవుడు, దాంట్లో కొంత వేరుశనగ చెక్క, కాస్త ఖనిజ లవణాల పొడి, ఉప్పు. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లోకి ఎత్తి, పడవ మీద తీసుకెళ్లి, నీళ్లలో వరసగా పాతిన వెదురు బొంగులకి కట్టారు. పడవ పక్క బొంగు దగ్గరికి చేరకముందే మొదటి సంచి ఊగడం మొదలైంది. శీలావతి చేపలు చిల్లుల్ని మూతితో పొడుచుకు తింటున్నాయి.

"రెండు గంటలాగి సంచి ఎత్తి చూస్తామండి. మిగిలితే రేపు తగ్గించాలి. మబ్బు పట్టినా తగ్గించాలి" అన్నాడు మేత కట్టే కుర్రాడు.

ఇక్కడ వదిలేవి ఏడాది పిల్లలు. ఇరుకు చెరువులో అరకొర మేతతో గిడసబారేలా ఉంచి, తర్వాత విశాలమైన నీళ్లలోకి మారుస్తారు. కడుపునిండా తిండి దొరికేసరికి ఒక్కసారిగా ఎదుగుతాయి.

అయితే తవుడులో పిండి పదార్థమే ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. శక్తి మిగిలిపోతే చేప దాన్ని కొవ్వుగా దాచుకుంటుంది. రైతు వలలోంచి ఒక చేపని తీయించి పొట్ట చీరించారు. పేగుల పొడవునా తెల్లటి కొవ్వు ముద్దలు. పైగా శీలావతికి జీర్ణాశయం లేదు, గొంతు దాటితే పేగే. తవుడులో ఉన్న భాస్వరాన్ని విడగొట్టే ఎంజైము కూడా లేకపోవడంతో దాంట్లో చాలా భాగం చేపకి అందదు.

తవుడు ఇవ్వలేనిది చెరువు ఇస్తుంది. పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్లని పచ్చబరుస్తారు. ఆ నాచునీ, దాన్ని తిని పెరిగే సూక్ష్మజీవుల్నీ చేప తింటుంది. మనం గొప్పగా చెప్పుకునే ఒమేగా-3 దాని ఒంట్లోకి ఎక్కువగా ఆ దారినే వస్తుంది. నన్నడిగితే మేత లెక్కలో నీటి రంగునీ చేర్చాలి.

తేలే గుళికల మేతలో మాంసకృత్తులు ఎక్కువ, వృథా తక్కువ. మరి అదే వాడొచ్చు కదా అన్నాను.

"ఖరీదు చూశారా? ఐస్ పెట్టెల్లో కలకత్తా వెళ్లాక చేపని కాటా వేస్తారు గానీ, కొవ్వెంతో చూసి ధర కడతారాండీ?" అన్నారు రైతు. అంటూనే పక్క చెరువు చూపించారు. ఈ ఏడు దాంట్లో సగం మేత గుళికలేనట.