టీ కేక్ కాదు, టీపొడి కేక్

ఏ బేకరీకి వెళ్లినా టీ కేక్ ఉంటుంది. అందులో టీ మాత్రం ఉండదు. టీతో పాటు తింటారు కాబట్టి ఆ పేరు. నేను చేసేది వేరు. బుజ్జి కప్పు కేకులు, టీ వాసన పిండిలోనే ఉంటుంది. రొంపిచెర్లలో ఇది చెప్తే చాలామంది "అయితే టీలో ముంచుకోనక్కర్లేదా?" అని అడుగుతున్నారు. అక్కర్లేదండీ!

యూట్యూబ్‌లో ఈ కేకులకి ఎక్కువమంది ఎర్ల్ గ్రే వాడతారు. బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్క నూనె కలిపిన టీ అది. మా కిరాణా కొట్లో దొరికేది గుళికల్లా ఉండే సీటీసీ పొడి. ఆకుని నలిపి, చీల్చి, చుట్టే ఆ మిషన్ 1930లో అస్సాంలో మెకర్చర్ అనే ఆయన కనిపెట్టాడు. రంగు, కడుపు తొందరగా దిగుతాయి కాబట్టి మన పాల టీ అంతా దాని మీదే నడుస్తోంది. కానీ ఆ గుళికలు అలాగే పిండిలో వేస్తే పంటి కింద ఇసకే. మిక్సీ పట్టి, జల్లించాలి.

టీపొడి గురించి నాన్నకి తెలిసినంత మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పంతొమ్మిదేళ్లు టీ కొట్టు నడిపాడు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కొట్టు తీసేశాం. అరువు పుస్తకం ఇంకా బీరువాలోనే ఉంది. అప్పట్నుంచి మాట తగ్గించేశాడు. అమ్మ టీ ఇస్తే తాగుతాడు. బాగుందనడు, బాలేదనడు. బాలేదు అనకపోవడమే మాకు భయం.

ఆ రోజు 100 మి.లీ. పాలు పొయ్యి మీద పెట్టి, రెండు చెంచాల పొడి వేశాను. వెనకనుంచి గొంతు. "మరగనీయమాక అమ్మాయ్. పొంగొచ్చేలోపు దించి మూత పెట్టు."

ఎందుకో ఆయనే చెప్పాడు. ఎక్కువ మరిగితే వగరు దిగుతుందట. ఆకులోని టానిన్ల పని అది. పంచదార ఎంత పోసినా నాలుక పట్టేసినట్టే ఉంటుంది. పచ్చి అల్లం కూడా వద్దన్నాడు, పాలు విరుగుతాయి. కొట్లో పాలు మరిగాకే వేసేవాడట. కేకుకి శొంఠి చాలు.

ఐదు నిమిషాలయ్యాక వడకట్టి, గట్టిగా పిండి, చల్లార్చాను. 125 గ్రాముల మైదా, 90 గ్రాముల పంచదార పొడి, 100 గ్రాముల గట్టి పెరుగు, 60 మి.లీ. నూనె, ముప్పావు చెంచా బేకింగ్ పౌడర్, పావు చెంచా సోడా. జల్లించిన టీపొడి ఒక చెంచా, శొంఠి, యాలకులు. గుడ్డు లేదు, అమ్మ తినదు. నూనె బదులు కరిగిన వెన్నలో టీపొడి నానబెట్టి వాడితే వాసన ఇంకా బాగా పడుతుంది. వెన్న రేటు చూశాక నూనెకే వచ్చా.

మాకు ఓవెన్ లేదు. కుక్కర్లో గ్యాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడిచేస్తా. తర్వాత సన్నసెగ మీద పాతిక నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. ఒక వాయికి ఐదే పడతాయి.

వేడి తగ్గాక నాన్న ఎడంచేత్తో ఒకటి తీసుకున్నాడు. సగం తిని ఆగాడు.

"యాలక్కాయ తగ్గించు. టీని మింగేస్తంది."

అమ్మ నా వైపు చూసింది. రెండేళ్లలో ఆయన పెట్టిన మొదటి వంక అది.

మర్నాడు కొట్టులో ఎలా చేసేవాడో అలాగే డస్టు, గుళికలు విడివిడిగా తెప్పించాడు. రంగుకి ఒకటి, వాసనకి ఒకటి. ఎంతకెంత అని రాసుకుందామని ఫోన్ తీశాను. "కొలతేందే, ముక్కు పెట్టి చూడు" అన్నాడు. గుప్పిట్లోంచి వదిలి, వాసన చూసి, ఇంకాస్త వదిలాడు. నేను ఆ గిన్నెని ముందూ వెనకా తూచుకున్నాను, ఆయనకి చెప్పలేదు. దాదాపు ఒకటికి రెండు. గుళికలే ఎక్కువ.

"ఎంతకమ్ముతావు?" అన్నాడు సాయంత్రం.

"పదిహేను."

ఎడంచేతి కణుపుల మీద బొటనవేలితో మైదా, పెరుగు, గ్యాసు, కాగితం కప్పు లెక్కేశాడు.

"పన్నెండుకియ్యి. అరువు మాత్రం పెట్టమాక."