ఊరి కింద ఏరు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళే మనవాళ్ళు నయాగరా జలపాతం, వాషింగ్టన్, డిస్నీ వరల్డ్ చూసి, ఏదో ఒక గుడిలో అర్చన చేయించుకుని తిరిగి వస్తారు. అవి చూడవలసినవే. కానీ కెంటకీ రాష్ట్రం వైపు వెళ్ళడం తటస్థిస్తే హార్స్ కేవ్ అనే చిన్న ఊళ్ళో ఒక్కపూట ఆగమని నా సలహా. అక్కడ గుహల కోసమే పెట్టిన మ్యూజియం ఉంది. పేరు అమెరికన్ కేవ్ మ్యూజియం.

లూయివిల్, నాష్‌విల్ నగరాలను కలిపే 65వ నంబరు రహదారి మీద, రెంటికీ ఇంచుమించు మధ్యలో ఉంటుంది ఈ ఊరు. లూయివిల్ నుంచి వచ్చేవారు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి. ఆ దేశంలో ఒకే రాష్ట్రంలో కూడా రెండు కాలాలు నడుస్తాయి మరి! మేము నాష్‌విల్ నుంచి మా అబ్బాయి కారులో వెళ్ళాం. దగ్గరలోనే ప్రసిద్ధి చెందిన మామత్ గుహ ఉంది. ఇంతవరకు కొలిచిన గుహలన్నిటిలోకీ ప్రపంచంలో పొడవైనది అదే. 420 మైళ్ళకు పైగా, అంటే సుమారు 680 కిలోమీటర్లు. 1981లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. అందరూ అటే పరుగెడతారు. మేమూ చూశాం. కానీ మనసులో నిలిచిపోయింది మాత్రం హార్స్ కేవ్.

ఊరి ప్రధాన వీధిలో వరుసగా దుకాణాలు, వాటి మధ్య పెద్ద పల్లం. తొంగి చూస్తే చెట్ల మధ్య నుంచి చల్లని గాలి మొహానికి కొడుతుంది. అదే హిడెన్ రివర్ గుహ ముఖద్వారం. ఊరు పైన, ఏరు కింద. ఆ పల్లం అంచునే ఉంది మ్యూజియం.

లోపల గుహ ఎలా పుడుతుందో మొదటి నుంచీ చెబుతారు. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాతిని మెల్లగా కరిగిస్తుంది. లక్షల ఏళ్ళు గడిచేసరికి సన్నని పగుళ్ళు సొరంగాలవుతాయి, సొరంగాలు గదులవుతాయి. అలా కరిగిన సున్నమే పైకప్పు నుంచి చుక్క చుక్కగా దిగి, మళ్ళీ గట్టిపడి, పైనుంచి వేలాడే ఊడలుగానూ కింద నుంచి లేచే స్తంభాలుగానూ మారుతుంది.

గుహల్లో బతికే జీవుల విశేషాలు పిల్లలకు బాగా నచ్చుతాయి. వెలుతురే లేని చోట కళ్ళతో పనేముంది? అందుకే అక్కడి చేపలకూ, రొయ్యల జాతి ప్రాణులకూ చూపు లేదు, ఒంటికి రంగూ లేదు. బయట నుంచి కొట్టుకొచ్చే ఆకూ అలమే వాటి ఆహారానికి ఆధారం. గబ్బిలాల గురించి కూడా చాలా చెబుతారు. అమెరికాలో 2006లో బయటపడిన ‘తెల్లముక్కు’ అనే బూజు తెగులు లక్షలాది గబ్బిలాలను చంపింది. అందుకే అక్కడి గుహలకు వెళ్ళేవారు ఒక గుహలో తిరిగిన చెప్పులతో, దుస్తులతో మరో గుహలోకి వెళ్ళరాదు.

ఈ ప్రాంతపు గుహల చరిత్రలో మనుషుల కథలూ ఉన్నాయి. 1812 యుద్ధకాలంలో మామత్ గుహ మట్టి నుంచి తుపాకీమందుకు కావలసిన సురేకారం తీశారు. ఆ పని బానిసల చేత చేయించారు. 1838లో స్టీఫెన్ బిషప్ అనే నల్లజాతి బానిస యువకుడు గైడుగా చేరి, ఎవరూ దాటని అగాధాన్ని దాటి కొత్త దారులు కనిపెట్టాడు. 1925లో ఫ్లాయిడ్ కాలిన్స్ అనే అన్వేషకుడు శాండ్ కేవ్‌లో కాలు రాతి కింద ఇరుక్కుని, ఎంత ప్రయత్నించినా బయటపడలేక చనిపోయాడు.

అయితే అసలు కథ ఈ ఊరిదే. పందొమ్మిదో శతాబ్దం చివరలో హార్స్ కేవ్ ఊరివాళ్ళు తాగే నీరు ఈ గుహ ఏటి నుంచే వచ్చేది. ఆ నీటి బలంతోనే కరెంటు దీపాలు వెలిగించారు. 1916 నుంచి చూడవచ్చేవారికి గుహ తెరిచారు. ఇంత ఉపకారం చేసిన ఏటికి ఊరు ఏం చేసింది? ఇళ్ళ మురుగు, పాడి కర్మాగారం వ్యర్థాలు, లోహపు పూత వేసే ఫ్యాక్టరీ రసాయనాలు అన్నీ దానిలోకే పోయాయి. కావాలని ఎవరూ విషం కలపలేదు. నేల గుంటలోకి పోసినది మాయమైపోయింది కదా అనుకున్నారు, అంతే. 1943లో గుహ మూతపడింది. దాని నోటి నుంచి వచ్చే దుర్గంధం దశాబ్దాలపాటు ప్రధాన వీధిని వదల్లేదు.

“అమ్మా, మట్టినేలయితే నీటిని కొంత వడగడుతుంది. సున్నపురాయి అలా కాదు, గొట్టంలో పోసినట్టే” అన్నాడు మావాడు. నిజమే. ఒక చోట పోసిన మురుగు మైళ్ళ దూరంలో మరొకరి ఊటలో తేలుతుంది.

చివరికి 1989లో ఆ ప్రాంతానికంతటికీ కలిపి కొత్త మురుగునీటి శుద్ధి కేంద్రం వచ్చింది. గుహల సంరక్షణకు పాటుపడే అమెరికన్ కేవ్ కన్జర్వేషన్ అసోసియేషన్ అప్పటికే ఆ ఊరికి తన మకాం మార్చుకుంది. ఊరివాళ్ళూ, ఆ సంఘమూ పూనుకుని 1992లో మ్యూజియం, 1993లో గుహ తెరిచారు. మురుగు ఆగాక ఏరు తనను తానే కడుక్కుంది. కళ్ళు లేని చేపలు మళ్ళీ కనిపించాయి. అంతకంటే గట్టి సర్టిఫికెట్ ఏ ప్రయోగశాల ఇవ్వగలదు?

గుహలోకి దిగాలంటే రెండు వందలకు పైగా మెట్లు. దిగినవి మళ్ళీ ఎక్కాలి! మావారు మోకాళ్ళ నొప్పివల్ల మ్యూజియంలోనే ఉండి తీరిగ్గా అన్నీ చదివారు. వేసవిలోనైనా ఒక స్వెట్టరు, జారని చెప్పులు తప్పనిసరి. కింద పాత జలయంత్రాల అవశేషాలు చూపిస్తారు. 2020లో కట్టిన వేలాడే వంతెన దాటితే సన్‌సెట్ డోమ్ అనే బ్రహ్మాండమైన మందిరం వస్తుంది. ఒక్క స్తంభమైనా లేని ఆ పైకప్పు కింద నిలబడితే మాట పెగలదు.

ఇంటిదారిలో నాకు మన బెలూం గుహలే గుర్తొచ్చాయి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున ఉన్న ఆ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. 1980లలో జర్మన్ దేశస్థుడు గెబావర్ బృందం వాటిని పరిశోధించింది. అక్కడ కూడా 1988 వరకు చుట్టుపక్కల చెత్త గుహలోనే పడేసేవారు. ఊరి పెద్దలు కొందరు పట్టుదలతో ప్రభుత్వంతో కలిసి పనిచేశారు. 2002లో జనం చూడటానికి తెరిచారు. కెంటకీ ఊరివాళ్ళకు మనవాళ్ళేం తీసిపోలేదు!

బెంగళూరు, చెన్నైల నుంచి బెలూం, ఒడిశాలోని మనవాళ్ళకు కోరాపుట్ జిల్లా గుప్తేశ్వరం, బొర్రా గుహలు అందుబాటులోనే ఉన్నాయి. అన్నీ సున్నపురాతి గుహలే. ఈసారి పిల్లలతో బెలూం వెళ్ళినప్పుడు అడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగండి. ఆ సన్నని ధార రాళ్ళలోకి మాయమై, రెండు కిలోమీటర్ల దూరంలోని బెలూం ఊరి బావికి చేరుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ మాట పిల్లలకు చెప్పండి. చేతిలోని ఖాళీ చిప్స్ పొట్లం ఎక్కడ పడెయ్యాలో వాళ్ళకే తెలుస్తుంది.