డిష్ కేబుల్: కొత్త ఇంటి ఖర్చు, పాత ఇంటి ఖర్చు

డీటీహెచ్ కనెక్షన్‌కు డాబా మీది డిష్ నుంచి టీవీ దగ్గరి సెట్‌టాప్ బాక్సు దాకా ఆర్‌జీ-6 రకం కోయాక్సియల్ కేబుల్ వేస్తారు. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ ఉపగ్రహ సంకేతాన్ని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌లకు తగ్గించి అందులోకి పంపుతుంది. అదే కేబుల్ గుండా సెట్‌టాప్ బాక్సు ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు అందిస్తుంది. కాబట్టి కేబుల్ టీవీకి వాడే మామూలు స్ప్లిటర్‌తో రెండో గదికి పంచుకోవడం కుదరదు. రెండు టీవీలుంటే రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ, విడివిడిగా రెండు కేబుళ్లు కావాలి.

కేబుల్ ధర ఏ ఇంటికైనా ఒక్కటే. తేడా వచ్చేది గోడ దగ్గరే.

కట్టుబడిలో ఉన్న ఇంట్లో ప్లాస్టరింగ్‌కు ముందే, కరెంటు పైపులతో పాటు డాబా నుంచి హాలుకూ పడకగదికీ విడిగా 25 మి.మీ. పీవీసీ పైపులు వేయిస్తే పైపు ధర, కొద్దిపాటి కూలి మాత్రమే అదనం. కేబుల్ మందం సుమారు 7 మి.మీ. కాబట్టి ఒక్కో పైపులో రెండేసి పడతాయి. లోపల జీఐ తీగ వదిలి ఉంచితే తర్వాత దానికి కట్టి లాగవచ్చు. కరెంటు వైర్ల పైపులో డిష్ కేబుల్ దూర్చడం ప్రమాదకరం. డాబా మీద పైపు మూతిని కిందికి వంచకపోతే వాన నీరు గదిలోకి దిగుతుంది.

పాత ఇంట్లో గోడకు గాడి కొట్టిస్తే కూలితో ఖర్చు ఆగదు. సిమెంటు పూత, లప్పం, రంగు వరసగా వచ్చిపడతాయి. ఒక గోడకు కొత్త రంగు పడగానే మిగతావి వెలిసినట్టు కనిపించి, గదంతా వేయించాల్సి వస్తుంది. అంతకంటే కేబుల్‌ను పిట్టగోడ మీదుగా బయటి గోడ వెంట క్లిప్పులతో దించి, కిటికీ పక్కన బయటికి వాలుగా ఒక రంధ్రం వేయించడం చౌక. రంధ్రం బయట కేబుల్‌ను కాస్త వేలాడదీసి పైకి తిప్పితే నీరు అక్కడే కారిపోతుంది. అతుకుల్లో తడి చేరితే సిగ్నల్ పడిపోతుంది. కొలత తీసుకుని ఒకే ముక్క కొనడం మేలు.

అద్దె ఇంట్లో గోడలో పెట్టిన డబ్బు ఇంటి యజమానికే మిగులుతుంది. బయట వేసిన కేబుల్‌ను ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని వెళ్లవచ్చు. సొంతిల్లు కడుతున్నవారు పైపు మీద, పాత ఇంట్లో ఉన్నవారు నాణ్యమైన కేబుల్ మీద ఖర్చు పెట్టడమే లాభం.