అంచు మీద డెబ్భై మూడు

జ్ఞాపికగా చేయించే నాణేనికి బొమ్మా బొరుసూ కన్నా అంచు ముఖ్యమని నా వాదన. బొమ్మవైపు ఏం వెయ్యాలో అందరూ చెప్తారు. బొరుసువైపు ఏం వెయ్యకూడదో కొందరు చెప్తారు. అంచు సంగతి ఎవరూ ఎత్తరు. జేబులో చెయ్యి పెడితే వేలికి ముందు తగిలేది మాత్రం అదే.

హైదరాబాద్‌లో మా హ్యామ్ రేడియో మిత్రులకి ఒక నాణెమూ, జేబులో పట్టే చిన్న పనిముట్టూ చేయించుకోవాలని బుద్ధి పుట్టింది. డ్రాయింగు పని నా మీద పడింది. ప్రతిభ చూసి కాదు, టీ తాగుతున్నవాళ్లలో కంప్యూటర్ మీద గీతలు గీయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. హ్యామ్‌లంటే ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, సొంత కాల్‌సైన్‌తో గాల్లో మాట్లాడుకునే బాపతు. మన దేశంలో 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తా అనే ఆయన 2జేకే అనే కాల్‌సైన్‌తో మొదలుపెట్టిన సరదా ఇది. మాట్లాడినందుకు గుర్తుగా ఒకరికొకరు పంపుకునే క్యూఎస్ఎల్ కార్డులే ఇన్నాళ్లూ మా ఆస్తి. ఇప్పుడవీ చాలావరకు కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. చేత్తో పట్టుకునేది ఏదైనా ఉండాలన్న కోరిక అందుకే పుట్టిందేమో.

సరే, అంచు. హ్యామ్‌లు సంభాషణ ముగిస్తూ 73 అంటారు. 1859 నాటి వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ గుమాస్తాల అంకెల పట్టికలో అది 'నా అభినందనలు అందుకోండి' అన్న మాటకి పొట్టి రూపం. పట్టికలో అలాంటి అంకెలు తొంభై దాకా ఉండేవి, హ్యామ్‌ల నోట మిగిలినవి ఒకటీ అరా. 73ని మోర్స్‌లో కొడితే ఏడుకి రెండు గీతలు, మూడు చుక్కలు; మూడుకి మూడు చుక్కలు, రెండు గీతలు. ఎటునుంచి ఎటు చదివినా 73నే. ఇదెవరూ కావాలని చెయ్యలేదు. ఆ గుమాస్తాలు వాడిన అమెరికన్ మోర్స్‌లో ఏడూ మూడూ వేరేగా ఉండేవి, అందులో ఈ అద్దం లేదు. అంతర్జాతీయ మోర్స్ స్థిరపడ్డాక దానంతట అది వచ్చి కూర్చుంది.

నాణెం అంచుకి ఇంతకన్నా ఏం కావాలి? నాణేన్ని తలకిందులు చేసినా, బొమ్మని బొరుసు చేసినా వేలు అదే చదువుతుంది. ఇక లెక్క చూద్దామని కూర్చున్నాను. మోర్స్‌లో చుక్క ఒక పాలు, గీత మూడు పాళ్లు, చుక్కకీ గీతకీ నడుమ ఖాళీ ఒక పాలు, అక్షరాల మధ్య మూడు, మాటల మధ్య ఏడు. అలా వేస్తే ఏడు అంకె 13 పాళ్లు, మూడూ 13. నడుమ ఖాళీ 3, చివర ఖాళీ 7. మొత్తం 36. చుట్టూ 360 డిగ్రీలు కదా, పాలుకి సరిగ్గా పది డిగ్రీలు! కానీ 40 మిల్లీమీటర్ల నాణేనికి చుట్టుకొలత 125 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక్కసారే రాస్తే చుక్క మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది, వేలికి మొద్దుగా తగులుతుంది. మూడుసార్లు రాస్తే చుక్క మిల్లీమీటరుకి కొంచెం పైన, మొత్తం పాళ్లు 108. ఈ ముక్క చెప్పగానే మాలో పెద్దాయన ఒకరు, "ఇంకేం, నెట్‌లో మన వంతు వచ్చేదాకా జపం చేసుకోవచ్చు" అన్నారు. నెట్ అంటే ఇంటర్నెట్ కాదు, అందరం గాల్లో ఒకచోట చేరి వంతులవారీగా మాట్లాడుకునే సభ.

ఈ డ్రాయింగు పట్టుకుని బాలానగర్‌లో నాణేల అచ్చులు, అంటే డైలు చేసే షాపుకి వెళ్లాను. అంచు మీద ఏదైనా రాయాలంటే బోలెడు ఖర్చని భయపడుతూనే వెళ్లాను. నాణెం అచ్చు కొట్టేటప్పుడు పైనో డై, కిందో డై, చుట్టూ ఉక్కు కాలరు ఉంటాయి. దెబ్బకి లోహం పక్కలకి పారి కాలరు ఆకారాన్ని పట్టుకుంటుంది. షాపాయన నా డ్రాయింగు తిప్పి తిప్పి చూసి, "గాట్లు నిలువుగ ఉన్నయి కద సార్, ఫికర్ లేదు, ముక్క సీదా పైకి తన్నుకొస్తది. అక్షరాలు రాసినవనుకో, కాలర్ మూడు తుకడలు చెయ్యాలె" అన్నాడు. పాత రూపాయి బిళ్ల అంచున గీతలెలా దిగుతాయో మా చుక్కలూ గీతలూ అలాగే దిగుతాయన్నమాట. గీతల వెడల్పు మారుతుంది, అంతే. ఈ వ్యాపారంలో డై తయారీయే అసలు ఖర్చు. మొదటి బిళ్ల బంగారమంత పడుతుంది, తర్వాతవి ఇత్తడి ధరకి దిగుతాయి.

ఇత్తడే ఖాయం చేశాం. 40 మిల్లీమీటర్ల అడ్డకొలత, 3 మిల్లీమీటర్ల మందం అంటే సుమారు 32 గ్రాములు, పది రూపాయల బిళ్లకి నాలుగింతలు. రంగుల ఎనామెల్ నింపుదామన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇత్తడి అరుగుతుంది, నల్లబడుతుంది, మళ్లీ బొటనవేలు తిరిగిన చోట మెరుస్తుంది. రంగు మాత్రం పెచ్చులూడుతుంది.

బొమ్మవైపు చార్మినార్ వెయ్యాలని అరడజను మంది పట్టుబట్టారు. బిర్యానీ పొట్లం నుంచి బస్సు పాసు దాకా ఆ నాలుగు మినార్లే, మళ్లీ మనమెందుకని నా గొణుగుడు. అయితే చార్మినార్ నాణెం మీద చక్కగా కుదిరిన సందర్భం ఒకటుంది. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో యంత్రాల మీద కొట్టిన సంస్థానం హాలీ రూపాయల మీద చార్మినార్ ఉంటుంది. దాని గుమ్మంలో చిన్న మీమ్ అక్షరం, మహబూబ్ పేరులో మొదటిది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక బొమ్మ అదే, గుమ్మంలో మీమ్ పోయి ఐన్ వచ్చింది. రాజు మారితే గుమ్మంలో అక్షరం మారిందంతే! పాత నాణేలు చూసేవాళ్లు భూతద్దం ముందు ఆ గుమ్మం మీదే పెడతారు.

చార్మినార్ వద్దన్నాను గానీ ఆ గుమ్మాన్ని తెచ్చుకున్నాను. మా నాణెం బొమ్మవైపు మోర్స్ కొట్టే కీ ఒకటే ఉంటుంది, పక్కనుంచి చూసినట్టు. కీ కింద చదునుగా చిన్న ఖాళీ. అచ్చు అందరికీ ఒకటే, ఆ ఖాళీలో ఎవరి కాల్‌సైన్ వారికి లేజర్‌తో చెక్కిస్తాం. చనిపోయిన హ్యామ్‌ని మావాళ్లు సైలెంట్ కీ అంటారు. వాళ్ల కాల్‌సైన్‌లతో కూడా కొన్ని చెక్కించి ఇళ్లకి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఖర్చు మాట ఎత్తలేదు.

బొరుసువైపు తెలుగు ఉండాలన్నది నా పంతం. ఇంగ్లీషు వాళ్ల కాలంలో వంకీల అంచు అణా బిళ్ల మీద హిందీ, బెంగాలీ, ఉర్దూలతో పాటు 'ఒక అణా' అని తెలుగులోనూ ఉండేది. స్వతంత్రం వచ్చాక నాణేలకి హిందీ, ఇంగ్లీషు చాలన్నారు. 2023లో ఎన్టీ రామారావు శతజయంతికి వంద రూపాయల స్మారక నాణెం వచ్చింది. 44 మిల్లీమీటర్లు, సగం వెండి, కొట్టింది హైదరాబాద్ టంకశాలే. ఆయన పేరు దాని మీద దేవనాగరిలో ఉంది. సర్కారు నాణేనికి సర్కారు పద్ధతులుంటాయి, మనకేం అడ్డమని 'హైదరాబాద్ హ్యామ్‌లు' అని తెలుగులో అంచు వెంట గుండ్రంగా పేర్చాను. తెలుగు అక్షరాలు గుండ్రం, నాణెం గుండ్రం, అతికినట్టుంటుందనుకుంటారు ఎవరైనా. అతకదు. పైభాగాన రాస్తే 'హ్యా' కింది యావత్తు కేంద్రంవైపు దిగుతుంది, అక్కడ చోటు ఇరుకు. కిందిభాగాన రాస్తే అదే వత్తు గట్టుని గుద్దుకుంటుంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకి ఈ బాధ లేదు, అవి ఇటుకల్లా వరసకట్టి నిలబడతాయి. చివరికి గుండ్రం మానేసి నడిమధ్యన రెండు తిన్నని వరుసలుగా రాశాం. వత్తులు హాయిగా కాళ్లు చాపుకున్నాయి.

విలువ మాత్రం ఎక్కడా వెయ్యలేదు. '73 రూపాయలు' అని వేస్తే సరదాగా ఉంటుందని కుర్రాళ్లు అడిగారు. డబ్బుగా వాడేందుకు ప్రైవేటుగా లోహపు బిళ్లలు చెయ్యడం నేరమన్న 1889 నాటి చట్టం 2011 నాణేల చట్టంలో కలిసింది. జ్ఞాపికకి దాంతో పేచీ ఉండదు. అయినా బిళ్ల మీద రూపాయి గుర్తు వేసి, ఆనక ఇది డబ్బు కాదు మొర్రో అని వాదించుకోవడం ఎందుకు?

అలలు వెయ్యాలన్న ఒక్క సూచన దగ్గర వాదన వేడెక్కింది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. ఏళ్ల తరబడి అక్కణ్ణుంచి హ్యామ్ గొంతు వినబడలేదు గనక ప్రపంచమంతా చెవులు రిక్కించి ఉన్న యాత్ర అది. ఉన్నట్టుండి 26న సునామీ. ఫోన్లు పోయాయి. సరదాకి పట్టుకెళ్లిన రేడియోలే పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు ఒడ్డుకి చేర్చాయి. మా హాబీ చరిత్రలో అంతకన్నా పెద్ద రోజు తెలుగువాళ్లకి లేదు, ఒప్పుకుంటాను. కానీ అంతమంది పోయిన రోజుని మన బిళ్ల మీద అలంకారంగా వేసుకోకూడదు. ఈ ఒక్క చోట నేను గొంతు పెంచాను, అల పోయింది.

ఇక పనిముట్టు. నాణెమూ పనిముట్టూ ఒకటే చేసేద్దాం, బిళ్లకే స్క్రూడ్రైవర్ మొన పెడదాం అన్న ఐడియాని మొదట్లోనే కొట్టేశాను. అలాంటివి బజార్లో దొరుకుతాయి, పట్టు దొరక్క స్క్రూ తిరగదు, మొన గుచ్చుకుని జేబు చిరుగుతుంది. పనిముట్టు వేరే ఉండాలి, పైగా దాని మీద మా గుర్తేదీ ఉండకూడదు. దీనికి నేను తిన్న తిట్లు కావలసినన్ని. గుర్తు వేస్తే అది షోకేసులోకి పోతుందండీ. పనిముట్టంటే ఒకరికి ఇచ్చి మరిచిపోవాలి, మొన అరిగితే ఆకురాయి మీద పట్టాలి, విరిగితే పారెయ్యాలి.

పర్సులో పట్టాలి గనక ఏటీఎం కార్డు కొలతే, 85.6కి 54 మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్ల ఉక్కు రేకు. 304 రకం స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు గానీ మెత్తన, కాల్చి గట్టిపరచడం కుదరదు, స్క్రూ మొన వంకరపోతుంది. 420 రకాన్ని కాల్చి గట్టిపరచొచ్చు, చెమట తగిలితే కాస్త మచ్చలు పడుతుంది. మచ్చలే మేలనుకున్నాం. చాకు మొన వద్దన్నాం, మెట్రో గేటు దగ్గరా విమానాశ్రయంలోనూ మన హాబీ గురించి ఉపన్యాసం ఇవ్వలేం. స్క్రూ మొన ఒకటి, స్కేలు ఒకటి, కోయాక్స్ కేబుల్ పైతోలు ఎంత మేర వొలవాలో చూపే గీతలు, యాంటెనా కట్టేందుకు చెట్టు కొమ్మ మీదుగా విసిరే తాడు ముడేసుకోవడానికి ఒక కన్నం.

వీటన్నిటికన్నా పనికొచ్చేది వెనకవైపు పట్టిక. డైపోల్ యాంటెనా మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 142.5ని మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. అందులో సగం ఒక్కో కాలికి: 7.1కి 10 మీటర్లు, 14.2కి 5, 21.2కి 3.36, 28.5కి రెండున్నర. కొండ మీద ఎండలో తీగ కొయ్యబోయే ముందు ఎవరికీ భాగహారం గుర్తు రాదు, ఫోనులో ఛార్జీ ఉండదు.

అయితే ఆ లెక్క ఉత్త రాగి తీగకి. ప్లాస్టిక్ తొడుగున్న వైరయితే ఇంకొన్ని శాతం తగ్గించాలి. కోఠి గుజరాతీ గల్లీలో కొనే వైరు చాలామటుకు తొడుగుదే. రెండో వరస అంకెలు కూడా చెక్కించాలని ఇంజనీర్ల పక్షం. మిగిలిన ఆ కాస్త చోటులో సీసా మూత తీసే కొక్కెం ఉండాలని రెండో పక్షం. రెండూ పట్టవు. వచ్చే ఆదివారం నెట్‌లో ఓటింగు పెట్టారు. మందు వాసన పడనివాళ్లు కూడా కొక్కేనికే ఓటేస్తామంటున్నారు, సోడా సీసాల కోసమట. గోలీ సోడాకి మూతే ఉండదు మహాప్రభో అంటే వినిపించుకునే నాథుడు లేడు.